ఆపరేషన్ భద్రతా సూచికలు: అందరూ ఒప్పుకునే లెక్క ఎలా కుదురుతుంది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. 120 పడకల ఆసుపత్రి, రెండు ఆపరేషన్ థియేటర్లు. జనరల్ సర్జరీ, గైనిక్, ఆర్థో కేసులు ఎక్కువ. క్వాలిటీ విభాగం బాధ్యత మీకు కొత్తగా అప్పగించారు. ఆపరేషన్లలో రోగి భద్రతను కొలిచే సూచికల జాబితా నెల రోజుల్లో కావాలని యాజమాన్యం అంటోంది. మీరు అక్కడా ఇక్కడా వెతికి 38 సూచికలు పోగుచేసి సమావేశం పెడితే, ఇది తమ మీద నిఘా అని సర్జన్లు, అన్నీ తమ నెత్తినే పెట్టారని మత్తు డాక్టర్లు, ఇన్ని రాస్తూ కూర్చుంటే పేషెంటును ఎవరు చూస్తారని సిస్టర్లు అన్నారు. అందరూ ఒప్పుకునే జాబితాకు దారి ఏమిటని మీ ప్రశ్న.

మత్తు డాక్టరుగా చాలా ఏళ్లు థియేటర్లో పనిచేసి, తర్వాత ఇలాంటి కమిటీల్లో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను. ఆ 38ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. సూచిక పేరు మీద ఎవరికీ పేచీ ఉండదు. ఆపరేషన్ గాయానికి ఇన్ఫెక్షన్ వచ్చిందా లేదా కొలుద్దామా అంటే అందరూ తల ఊపుతారు. ఏ కేసును అందులో లెక్కపెట్టాలి, వచ్చిన అంకెతో ఎవరు ఏం చేస్తారు అన్న దగ్గర తగవు మొదలవుతుంది. నా కొలబద్ద ఒకటే. ఒకరంటే ఒకరికి పడని ఇద్దరు డాక్టర్లకు ఒకే కేస్ షీట్ల కట్ట ఇచ్చి వేర్వేరు గదుల్లో కూర్చోబెడితే, ఇద్దరూ బయటికి వచ్చి ఒకే అంకె చెప్పాలి. అంతవరకు రానిదాన్ని ఒప్పుకున్న సూచిక అనకూడదు, కాగితం మీద ఎంతమంది సంతకాలు ఉన్నా సరే.

ఒక కేసు చూడండి. సిజేరియన్ అయిన అమ్మాయి అయిదో రోజున ఇంటికి వెళ్లింది. తొమ్మిదో రోజున కుట్ల దగ్గర నీరు కారింది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డ్రెస్సింగ్ చేయించుకుని మూడు రోజులు ఇంజెక్షన్లు వేయించుకుంది. పన్నెండో రోజున మీ ఓపీకి వచ్చింది. చీము లేదు, చర్మం ఎర్రగా ఉంది, నొక్కితే నొప్పి. జూనియర్ డాక్టర్ రెండు కుట్లు విప్పి డ్రెస్సింగ్ చేసి పంపారు. కల్చర్ (గాయం నుంచి నమూనా తీసి క్రిములను వెతికే పరీక్ష) పంపలేదు. ఇది ఇన్ఫెక్షనా? గైనిక్ మేడమ్ 'కుట్టు దారం పడకపోవడం' అంటారు. మైక్రోబయాలజీ వారు కల్చర్ లేకుండా ఎలా చెప్పగలమంటారు. ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ ఇది ఖచ్చితంగా ఇన్ఫెక్షనే అంటారు.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నిర్వచనం ప్రకారం చర్మం ఎర్రబడటం ఒక్కటే ఉంటే లెక్కలోకి రాదు. కుట్టు దారం చుట్టూ మాత్రమే చిన్న చీముపొక్కు వచ్చినా రాదు. కానీ నొప్పి, వాపు, ఎరుపు, వేడి వంటి లక్షణం ఒకటైనా ఉండి, డాక్టర్ కావాలని గాయం తెరిచి, కల్చర్ పంపకపోతే వస్తుంది. అంటే ఈ అమ్మాయి లెక్కలోకి వస్తుంది. ఆ నిర్వచనంలో గడువు మామూలు ఆపరేషన్లకు 30 రోజులు. కీలుమార్పిడి లాంటి కొన్నింటిలో, లోతైన ఇన్ఫెక్షన్‌కు 90 రోజులు. మన ఆసుపత్రుల్లో పేషెంటు అయిదో రోజుకు, హెర్నియా అయితే రెండో రోజుకు ఇంటికి వెళ్లిపోతాడు. వార్డులో ఉన్నంతవరకే చూస్తే ఇన్ఫెక్షన్ శాతం సున్నా దగ్గర తచ్చాడుతుంది, గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది. కాబట్టి 'ఇన్ఫెక్షన్ శాతం' అని రాసి వదిలేయకుండా, ముప్పయ్యో రోజున ఎవరు ఫోన్ చేస్తారు, ఏ ప్రశ్నలు అడుగుతారు, ఫోన్ ఎత్తనివారిని ఏ గడిలో రాస్తారు అన్నది కూడా సూచికలో భాగంగా రాయాలి. ప్రశ్నలు మూడు చాలు: కుట్ల దగ్గర చీము గానీ నీరు గానీ వచ్చిందా, ఎవరైనా కుట్లు విప్పారా, ఆపరేషన్ తర్వాత ఇంకెక్కడైనా చికిత్స చేయించుకున్నారా. మూడో ప్రశ్నకు వచ్చే జవాబుల్లోనే అసలు సంగతులు బయటపడతాయి.

ఇక ఒప్పందం కుదిర్చే పద్ధతి. సమావేశం పెట్టి చేతులెత్తించడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. మన దగ్గర సీనియర్ సర్జన్ ముందుగా నోరు విప్పితే ఆ తర్వాత మాట్లాడేవారంతా 'సార్ చెప్పినట్టు' అని మొదలుపెడతారు. ఆపరేషన్లో సర్జన్‌కు పరికరాలు అందించే స్క్రబ్ సిస్టర్ అసలు మాట్లాడరు. మాపుల (రక్తం అద్దే గుడ్డల) లెక్క ఎక్కడ తప్పుతుందో ఆ గదిలో అందరికంటే ఎక్కువ తెలిసినది ఆమెకే. ఈ చిక్కు తప్పించడానికే 1950లలో అమెరికాలో రాండ్ సంస్థ డెల్ఫీ పద్ధతిని తయారుచేసింది. ఎవరి అభిప్రాయం వారు విడిగా రాసి ఇస్తారు. పేర్లు లేకుండా అందరి జవాబులు అందరికీ చూపిస్తారు. మళ్లీ రాయిస్తారు. 1980లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంతో కలిసి వైద్యరంగానికి సరిపడేలా దీన్ని మార్చారు. అందులో రెండు విడతల మధ్య ముఖాముఖి చర్చ ఉంటుంది. నాకు మన ఆసుపత్రులకు ఇదే నచ్చుతుంది. పూర్తిగా కాగితాల మీదే నడిపితే డాక్టర్లు రెండో విడత ఫారం తిరిగి ఇవ్వరు.

మీకు తొమ్మిది మంది చాలు. ఇద్దరు సర్జన్లు, ఒక గైనకాలజిస్టు, ఒక ఆర్థో డాక్టర్, ఒక మత్తు డాక్టర్, స్క్రబ్ సిస్టర్, వార్డు సిస్టర్, ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్, మెడికల్ రికార్డుల విభాగం నుంచి ఒకరు. రికార్డుల వారిని పిలవడం చాలామంది మరిచిపోతారు. 'ఈ వివరం మన కేస్ షీట్లలో దొరకదు సార్' అని రెండో నిమిషంలోనే చెప్పగలిగేది వారొక్కరే. యాజమాన్యం నుంచి ఎవరినీ ప్యానెల్‌లో కూర్చోబెట్టకండి. అవసరమైతే చివరి రోజున వినడానికి రమ్మనండి.

ఒక్కో సూచికకు 1 నుంచి 9 దాకా రెండు వేర్వేరు మార్కులు వేయించండి: ఇది మన పేషెంట్ల భద్రతకు ఎంత ముఖ్యం, దీన్ని మన రికార్డులతో ఎంత నమ్మకంగా కొలవగలం. రెండిటినీ కలిపి ఒకే మార్కు అడిగితే, ముఖ్యమైనదే అయినా కొలవలేనిదీ, సులువుగా కొలవగలిగినా పనికిరానిదీ రెండూ 6 దగ్గర కలిసిపోతాయి. మార్కులను వరసగా పేర్చినప్పుడు మధ్యలో నిలిచే అంకె 7 గానీ ఆపైన గానీ ఉంటే ఆ సూచిక నిలుస్తుంది. తొమ్మిది మందిలో కనీసం ముగ్గురు 1 నుంచి 3 లోపు, ఇంకో ముగ్గురు 7 నుంచి 9 లోపు వేస్తే భిన్నాభిప్రాయం ఉన్నట్టు. చర్చ సమయమంతా అలాంటి వాటికే ఇవ్వండి. అందరూ 8 వేసినదాని గురించి గంటసేపు మాట్లాడుకుని, తగవు ఉన్నదాన్ని 'తర్వాత చూద్దాం' అనడం మన కమిటీలకు అలవాటు.

మరీ సులువుగా అందరూ ఒప్పుకున్న సూచికను మాత్రం అనుమానంగా చూడండి. ఎవరికీ నొప్పి కలిగించనిది కాబట్టే ఒప్పుకుని ఉంటారు. దీనికి నమూనా 'సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్టు నింపిన కేసుల శాతం'. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షించిన ఫలితాలు 2009 జనవరిలో వచ్చాయి. మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, తీవ్రమైన సమస్యలు 11 శాతం నుంచి 7కి తగ్గాయి. ప్రపంచమంతా ఎగబడింది. అయిదేళ్ల తర్వాత కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల లెక్క తీస్తే, చెక్‌లిస్టు తప్పనిసరి చేయకముందు 0.71 శాతం ఉన్న మరణాలు చేశాక 0.65 శాతం. గణాంకాల దృష్టిలో అది తేడా కిందికే రాదు. అక్కడి ఆసుపత్రులు మాత్రం దాదాపు నూటికి నూరు కేసుల్లో చెక్‌లిస్టు వాడుతున్నామని చెప్పుకున్నాయి. ఎందుకిలా అన్నదాని మీద ఇప్పటికీ వాదనలున్నాయి. నేను థియేటర్లో చూసినదాన్ని బట్టి నా అభిప్రాయం: కాగితం నిండింది, మనుషులు ఆగలేదు.

ఒక రోజు పొద్దున మీ థియేటర్లోకి వెళ్లి, కోత పెట్టకముందే ఆ ఫారం తీసి చూడండి. ఆపరేషన్ ముగిశాక నింపాల్సిన మూడో భాగంలో, 'మాపులు, సూదులు, పరికరాల లెక్క సరిపోయింది' అన్న గడిలో అప్పటికే టిక్ ఉంటే ఆశ్చర్యపోకండి. శాతం కొలవడం మొదలుపెడితే మూడు నెలల్లో 100 వస్తుంది. దాని బదులు నెలకు పది కేసుల్లో, వేరే విభాగానికి చెందిన ఒకరు థియేటర్ మూలన నిలబడి నాలుగు విషయాలు గమనించాలి: కోతకు ముందు అందరూ చేతులు ఆపారా, పేషెంటు పేరు, ఆపరేషన్, ఏ పక్క అన్నది పైకి చదివారా, యాంటీబయాటిక్ పడిందా అని అడిగారా, లోపల ఉన్నవారిలో ఎవరైనా సందేహం చెప్పే వీలుందా. పది కేసుల పరిశీలన చెప్పినంత మూడొందల టిక్కులు చెప్పవు.

సర్జన్లు ఒక అభ్యంతరం తప్పకుండా తెస్తారు: 'కష్టమైన కేసులు చేసేవాడికి సమస్యలు ఎక్కువ వస్తాయి, వాటిని లెక్కపెడితే శిక్ష నాకే.' వారి పక్షాన గట్టి ఆధారమే ఉంది. 2009లో అమెరికాలో 84,730 మంది సర్జరీ పేషెంట్ల వివరాలు పరిశీలించారు. మరణాలు అతి తక్కువ ఉన్న ఆసుపత్రుల్లో ఆపరేషన్ అనంతర సమస్యలు 26.9 శాతం, అతి ఎక్కువ ఉన్నవాటిలో 24.6 శాతం. అంటే దాదాపు సమానం, ఇంకా చెప్పాలంటే మంచి ఆసుపత్రుల్లోనే కాస్త ఎక్కువ. తేడా ఎక్కడ వచ్చిందంటే, పెద్ద సమస్య వచ్చినవారిలో ఎంతమంది చనిపోయారన్న దగ్గర: మొదటివాటిలో 12.5 శాతం, రెండోవాటిలో 21.4 శాతం. సమస్య ఎక్కడైనా వస్తుంది, కొందరు దాన్ని ముందే పట్టుకుని పేషెంటును దక్కించుకుంటారు. సమస్యల శాతం ఒక్కటే సూచికగా పెట్టి ఉంటే, మెరుగైన ఆసుపత్రులే వెనకబడినట్టు తేలేవి.

ఇలాంటిదే ఇంకొకటి, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం. అమెరికా జాబితాల్లో ఇది ప్రముఖంగా ఉంటుంది, మీ 38లోనూ ఉండే ఉంటుంది. ఎక్కువ స్కాన్లు తీసే ఆసుపత్రుల్లో గడ్డలు ఎక్కువ బయటపడతాయని 2013లో అక్కడే తేలింది. వెతకని చోట దొరకవు. అసలు ఆ అమెరికా సూచికల్లో చాలావాటిని బిల్లింగ్ కోడ్ల (బిల్లు కోసం జబ్బులకు, చికిత్సలకు ఇచ్చే సంకేతాల) నుంచి కంప్యూటరు లెక్కవేయడానికి తయారుచేశారు. మన కేస్ షీటులో అంత వివరం ఉండదు. పేర్లు అరువు తెచ్చుకోవచ్చు గానీ లెక్క అరువుకు రాదు.

మరి పేషెంటును దక్కించుకునే శక్తిని చిన్న ఆసుపత్రిలో ఎలా కొలవాలి? పెద్ద సమస్యలు ఏడాదికి పదో ఇరవయ్యో ఉంటాయి, వాటి మీద శాతాలు కడితే నవ్వులపాలవుతాం. ఆఫ్రికాలో 25 దేశాల ఆసుపత్రులు కలిసి చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్‌కు సంబంధించిన మరణాల్లో అత్యధిక భాగం ఆపరేషన్ బల్ల మీద కాకుండా ఆ తర్వాతి రోజుల్లో జరిగాయి. పేషెంట్లు వయసులో చిన్నవారు, ముందుగా ఉన్న ముప్పు తక్కువ, అయినా మరణాలు ప్రపంచ సగటుకు రెట్టింపు. కాబట్టి వార్డు వైపు చూడండి. ఆపరేషన్ తర్వాతి మొదటి 24 గంటల చార్టులు పది తీసి బల్ల మీద పరచండి. రాత్రి 12, 2, 4, 6 గంటల రీడింగులు ఒకే పెన్నుతో, ఒకే ఒత్తుతో, బీపీ 120/80, నాడి 80, శ్వాస 18 అని వరసగా ఉంటే అవి ఎలా పుట్టాయో మీకే అర్థమవుతుంది. పది మందికీ శ్వాస 18 ఉండే వార్డు ఎక్కడా లేదు. దీనికి సిస్టర్‌ను తిట్టి లాభం లేదు. రాత్రి డ్యూటీలో ఒకరికి ఎన్ని మంచాలు ఇచ్చారో చూడండి, ఆ సంఖ్యనే ఒక సూచికగా పెట్టండి. దాని పక్కన రెండోది: చార్టులో మొదటి అసాధారణ రీడింగు పడిన దగ్గర్నుంచి డాక్టర్ మంచం దగ్గరికి వచ్చేసరికి ఎంతసేపు పట్టింది.

చిన్న సంఖ్యల సంగతి యాజమాన్యానికి మొదటి రోజే చెప్పండి. ఏడాదిలో 300 పెద్ద ఆపరేషన్లు చేసి ఒక్క మరణమూ లేదనుకుందాం. అసలు ముప్పు సున్నా అని దాని అర్థం కాదు. మూడును కేసుల సంఖ్యతో భాగించే పాత సూత్రం ఒకటుంది. 3ను 300తో భాగిస్తే 1 శాతం. అంటే నిజమైన మరణాల రేటు 1 శాతం దాకా ఉండి కూడా ఆ ఏడాది సున్నా కనిపించవచ్చు. వచ్చే ఏడాది ఒకటి, ఆపై ఏడాది రెండు వస్తే 'మరణాలు రెట్టింపు' అని ఎవరో ఒకరు పవర్‌పాయింట్ వేస్తారు. మీ స్థాయిలో మరణాలకు శాతాలు వద్దు, ప్రతి మరణాన్నీ కూర్చుని సమీక్షించండి. ఆపరేషన్ అనంతర మరణాల రేటును 2015లో 'లాన్సెట్' వైద్యపత్రిక వేసిన కమిషన్ తన ఆరు ప్రధాన సూచికల్లో చేర్చింది. కానీ అవి దేశాలను ఉద్దేశించినవి. ఆరోగ్యశ్రీ లాగా లక్షల ఆపరేషన్ల క్లెయిములు ఒకేచోట చేరే పథకాల స్థాయిలో ఆ రేటుకు అర్థం ఉంటుంది.

మరణాలు లెక్కపెట్టేటప్పుడు మన దగ్గర ఒక పెద్ద కన్నం ఉంది. పేషెంటు పరిస్థితి విషమిస్తే హైదరాబాదుకో విజయవాడకో విశాఖకో పంపుతాం. కేస్ షీటు మీద 'రిఫర్డ్' అని పడుతుంది. లేదా బంధువులు ఆశ వదులుకుని ఇంటికి తీసుకెళ్తారు, 'లామా' (డాక్టర్ల సలహాకు విరుద్ధంగా వెళ్లడం) అని రాసి సంతకం తీసుకుంటాం. రెండిటిలోనూ మన రికార్డులో మరణం ఉండదు. కాబట్టి నిర్వచనంలోనే రాసేయండి: ఆపరేషన్ అయిన 30 రోజుల్లో పై ఆసుపత్రికి పంపిన, లామాగా వెళ్లిన ప్రతి పేషెంటుకూ ఫోన్ చేయాలి, ఫలితం ఏదైనా మన లెక్కలోనే పడాలి. ప్యానెల్‌లో అన్నిటికంటే గట్టి ప్రతిఘటన ఈ వాక్యానికే వస్తుంది. వదలకండి.

'అనుకోకుండా మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లడం' అన్న సూచికలోనూ ఇలాంటి కన్నమే ఉంది. మొదటి ఆపరేషన్ నోట్‌లోనే 'రెండు రోజుల తర్వాత మళ్లీ తెరిచి చూడాలి' అని రాసి ఉంటే అది ముందుగా అనుకున్నది, లెక్కలోకి రాదు. తర్వాత రాస్తే కుదరదు. ఈ నియమం లేకపోతే జరిగిన ప్రతి రెండో ఆపరేషనూ ముందుగా అనుకున్నదే అయిపోతుంది.

కడుపులో మాపు మిగిలిపోవడం, ఒకరికి బదులు ఇంకొకరికి చేయడం, కుడికి బదులు ఎడమ పక్క చేయడం వంటివి శాతాలకు అందవు. ఒక్కటి జరిగినా పూర్తి విచారణ. కానీ వాటికి ముందు మెట్టును కొలవవచ్చు. శరీరంలో వస్తువులు మిగిలిపోయిన కేసుల మీద 2003లో వచ్చిన అమెరికా అధ్యయనం ప్రకారం, అత్యవసర ఆపరేషన్లో ఆ ముప్పు దాదాపు తొమ్మిది రెట్లు, ఆపరేషన్ మధ్యలో అనుకోని మార్పు వస్తే నాలుగు రెట్లు. దొరికిన వస్తువుల్లో 69 శాతం మాపుల వంటి గుడ్డలే. చాలా కేసుల్లో లెక్క సరిపోయిందని రాసి ఉంది కూడా. అందుకే 'లెక్క సరిపోయింది' అన్న టిక్‌ను నమ్మకుండా ఇలా పెట్టుకోండి: లెక్క తేడా వచ్చిన, లేదా అత్యవసరంగా పొట్ట తెరిచిన కేసుల్లో పేషెంటు బల్ల దిగకముందే ఎక్స్‌రే తీసినవి ఎన్ని. ఇక్కడొక చిన్న పని. స్టోర్స్‌కు వెళ్లి మాపుల్లో ఎక్స్‌రేలో కనిపించే దారం ఉందో లేదో చూడండి. ధర తక్కువని దారం లేనివి కొంటే ఎక్స్‌రే ఎన్నిసార్లు తీసినా ఏమీ కనిపించదు.

ఫలితాలూ పనితీరూ చూసి సరిపెట్టుకోకుండా, ఉన్న వసతులను కూడా కొలవాలన్నది వైద్య నాణ్యతను కొలవడం మీద పరిశోధించిన డొనబెడియన్ 1966 నుంచీ చెప్పిన మాటే. ఎందుకో మనకు దగ్గరి ఉదాహరణే ఉంది. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది మహిళలకు ల్యాప్రోస్కోపీ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. నలుగురు చనిపోయారు, మిగిలినవారిని హైదరాబాదు ఆసుపత్రులకు తరలించారు. అంతకుముందు 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర కొన్ని గంటల్లో 83 మందికి చేశారు, 13 మంది చనిపోయారు. ఇలాంటి క్యాంపులను మూడేళ్లలో ఆపాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ట్యూబెక్టమీలో మరణం చాలా అరుదు. కాబట్టి మరణాల శాతాన్ని గమనిస్తూ కూర్చుంటే ఆ ముందురోజు దాకా అంతా భేషుగ్గానే కనిపిస్తుంది. ప్రమాదం అంకెల్లో కనిపించే చోటు వేరే ఉంది: ఎన్ని కేసులు, ఎన్ని ల్యాప్రోస్కోపులు, రెండు కేసుల మధ్య పరికరం శుద్ధికి ఎన్ని నిమిషాలు. ఒక బృందం మూడు ల్యాప్రోస్కోపులతో రోజుకు 30కి మించి చేయకూడదని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. మీ థియేటర్లోనూ ఒక రోజు కేసుల జాబితా, పరికరాల సెట్ల సంఖ్య, ఆటోక్లేవ్ (పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే యంత్రం) రిజిస్టరులోని సమయాలు పక్కపక్కన పెట్టి చూడండి. సెట్ల కంటే కేసులు ఎక్కువైన రోజులు నెలకు ఎన్నో, ఆ అంకె మీ మొదటి జాబితాలో ఉండాలి.

యాంటీబయాటిక్ సమయం కూడా మొదటి విడతలోనే పెట్టుకోండి. కోతకు ముందు 60 నిమిషాల లోపు మొదటి డోసు పడాలన్నది బాగా స్థిరపడిన నియమం (వాంకోమైసిన్ వంటి కొన్నింటికి 120). మీ రిజిస్టరులో అందరికీ ఉదయం 7 అని ఉంటుంది, ఎందుకంటే వార్డు నుంచి కిందికి పంపేముందు అందరికీ ఒకేసారి ఇస్తారు. మొదటి కేసుకు అది సరిపోతుంది. 11 గంటలకు బల్ల ఎక్కే మూడో పేషెంటుకు ఆ మందు పడినా పడనట్టే. ఇంజెక్షన్‌ను వార్డు నుంచి థియేటరుకు మార్చి, మత్తు ఇచ్చేటప్పుడే మత్తు డాక్టర్ వేసి సమయం రాస్తే ఈ సూచిక ఒక నెలలో బాగుపడుతుంది. కమిటీకి ఇలాంటి గెలుపు ఒకటి తొలినాళ్లలోనే కావాలి.

నిఘా భయం గురించి. అది ఊరికే పుట్టిన భయం కాదు. పేషెంటు చనిపోతే ఆసుపత్రి అద్దాలు పగిలే ఊళ్లలో పనిచేస్తున్నాం. న్యూయార్క్ రాష్ట్రం గుండె ఆపరేషన్ల మరణాలను సర్జన్ల పేర్లతో బయటపెట్టాక, విషమంగా ఉన్నవారిని ముట్టుకోవడానికి కొందరు వెనకాడుతున్నారన్న వివాదం ఏళ్ల తరబడి నడిచింది. ఈ రంగానికి ఆద్యుడనదగిన సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ బోస్టన్‌లో సొంత ఆసుపత్రి పెట్టుకుని 1911-16 మధ్య డిశ్చార్జి చేసిన 337 మంది పేషెంట్లలో 123 పొరపాట్లు జరిగాయని తానే అచ్చువేశాడు. తోటి డాక్టర్లు మెచ్చుకోలేదు, దూరం పెట్టారు. అందువల్ల సూచికల జాబితా కంటే ముందు ఒక పేజీ ఒప్పందం రాయించండి. అంకెలు విభాగాల వారీగా ఉంటాయి, డాక్టర్ల పేర్లు ఉండవు. జీతానికి, ఇన్సెంటివ్‌కు, కాంట్రాక్టు పునరుద్ధరణకు వాటిని వాడరు. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టరు. కడుపులో వస్తువు మిగలడం వంటి ఘటనలకు ఈ రక్షణ వర్తించదు, వాటి విచారణ వేరుగా జరుగుతుంది, పేషెంటుకు జరిగింది చెప్పి తీరాలి. ఎండీ (మేనేజింగ్ డైరెక్టర్) గారి సంతకం ఈ పేజీ మీద పడితేనే ప్యానెల్‌ను పిలవండి. పడకపోతే మీకు వచ్చే అంకెలు కథలే.

ప్యానెల్ ఎంచినవాటిని ఖాయం చేసేముందు నా కొలబద్దను నిజంగానే వాడండి. 30 పాత కేస్ షీట్లు, ఇద్దరు వ్యక్తులు, వేర్వేరుగా. ఇన్ఫెక్షన్, మళ్లీ థియేటర్, 30 రోజుల ఫలితం అనే మూడింటి మీద ఎక్కడెక్కడ జవాబులు కలవలేదో చూసి, ఆ కేసులు ఆధారంగా నిర్వచనంలో ఒక్కో వాక్యం చేర్చండి. ఒక్కో పేషెంటుకు సిస్టర్ రాయాల్సింది ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం పెట్టి చూడండి. అయిదు నిమిషాలు దాటితే ఏదో ఒకటి తీసేయండి. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపు కోసం ఇప్పటికే పంపుతున్నవాటిలో గాయం ఇన్ఫెక్షన్, యాంటీబయాటిక్ సమయం, మళ్లీ థియేటర్‌కు వెళ్లడం వంటివి ఉంటాయి. ఒకే నిర్వచనం రెండిటికీ వాడితే రెండు రిజిస్టర్లు అక్కర్లేదు.

మొత్తం ఏడెనిమిది సూచికలు దాటనివ్వకండి. గడువు విషయానికి వస్తే, నెల చాలదు, మూడు నెలలు అడగండి. మొదటి నెల ఒప్పందం పేజీ, మొదటి విడత మార్కులు. రెండో నెల చర్చ, 30 కేస్ షీట్ల పరీక్ష. మూడో నెల యాంటీబయాటిక్ సమయంతో, థియేటర్ పరిశీలనతో మొదలుపెట్టి, ముప్పయ్యో రోజు ఫోన్లు కూడా ప్రారంభించండి. ఫోన్లు మొదలైన నెలలో ఇన్ఫెక్షన్ల శాతం తప్పకుండా పెరుగుతుంది. ఇంతకాలం ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఆగిపోయిన కేసులు మన రిజిస్టరుకు ఎక్కుతాయి గనుక. ఈ పెరుగుదల రాబోతోందని యాజమాన్యానికి ముందే చెప్పి, ఆ మాట సమావేశం మినిట్స్‌లో రాయించి, సంతకాలు తీసుకుని ఆ తర్వాతే మొదటి ఫోన్ చేయించండి.